మిరు, చూడు, బఘ్: ఒక క్రియ, ఇద్దరు వ్యాకర్తలు

జపాను భాషలో చూడటాన్ని మిరు అంటారు. వంటింట్లో రుచి చూస్తే అజి ఒ మిరు. వైద్యుడు నాడి చూస్తే మ్యకు ఒ మిరు. మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసుకుంటే మెందో ఒ మిరు. పెళ్లిచూపులకి వాళ్ల మాట ఒమిఐ. అందులో 'మి' ఈ చూపే, 'ఐ' ఒకరినొకరు. కల దగ్గర మాత్రం దారి కొంచెం చీలుతుంది. జపాను వాళ్లు కలని చూస్తారు, మరాఠీవాళ్లూ చూస్తారు, మనం కంటాం. అయితే పాత తెలుగులో కనడమూ చూడటమే. ఒక్క క్రియలో ఇన్ని పోలికలు కనబడితే ఎవరికైనా చుట్టరికం కలపాలనిపిస్తుంది. ఒనో సుసుము అనే జపాను పండితుడు తమిళంతో అలాగే కలిపాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నాకూ ఆ చుట్టరికంతో పని లేదు. బంధుత్వం లేకుండానే రెండు ఇళ్ల నడవడి ఒక తీరుగా ఉంటే, ఒక ఇంటివాళ్లు రెండో ఇంటి సంగతి ఎలా తెలుసుకోవాలన్నదే నా ప్రశ్న. ఈ ప్రశ్న వేయడానికి సిరోంచ మంచి చోటు.

సిరోంచ ప్రాణహిత ఒడ్డున ఉంది. కాస్త దిగువన ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డున కాళేశ్వరం. 1860లో గోదావరి ఎడమగట్టు తాలూకాలను నిజాం బ్రిటిష్ వారికి వదిలేశాక ఇది ఎగువ గోదావరి జిల్లాకి ముఖ్యపట్టణమైంది. 1874లో ఆ జిల్లా పోయి చాందా జిల్లాలో చేరింది. తర్వాత మధ్యప్రదేశ్, బొంబాయి రాష్ట్రం, మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26 నుంచి గడ్చిరోలి జిల్లా. కాగితాల మీద చిరునామా ఇన్నిసార్లు మారినా తాలూకాలో చాలా ఇళ్లలో మాట తెలుగే. బడి, కచేరీ, బస్సు బోర్డు మరాఠీ. అహేరి, భామ్రాగడ్ వైపు వెళ్లేకొద్దీ మాడియా గోండీ. 1906లో వచ్చిన భారత భాషా సర్వే నాలుగో సంపుటం చాందా ప్రాంతపు తెలుగును లెక్కలోకి తీసుకుని సాలేవారీ, గోలరీ లాంటి పేర్లతో నమోదు చేసింది. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి కాబట్టి ఇక్కడి పిల్లలు ఏడేళ్లకే ఒక క్రియని కనీసం రెండు రకాలుగా తిప్పగలరు. అలాంటి పిల్ల నర్సింగు చదివి, జపానులో పని కోసం భాష నేర్చుకోవడానికి కూర్చుందనుకుందాం. ఆమె ముందు పెట్టే పట్టికలు ఎవరు తయారుచేసినవి?

దీనికి జవాబు వెతికితే రెండు పుస్తకాల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. ఒకటి 1808లో అచ్చయిన 'కొతొబ నొ యచిమత', అంటే మాటల ఎనిమిది దారుల కూడలి. రాసినవాడు మొతోరి హరునివ, పెద్ద పండితుడు నొరినగ కొడుకు. రెండోది సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1858లో మద్రాసులో వచ్చిన పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం. ఒకరి పేరు ఒకరు విని ఉండరు. హరునివకి ముప్పై దాటాక చూపు పోయింది. చూపు లేని మనిషి 'చూడు' అనే క్రియని వర్గీకరించాడంటే కవిత్వం చెప్పాలనిపిస్తుంది. చెప్పను. నాకు పనికొచ్చేది ఒక్కటే, ఆయన వ్యాకరణం చెవితో చేసింది.

హరునివ ఏం విన్నాడు? ఇవాళ్టి రూపాల్లో చెబితే, కకు అంటే రాయడం. కాదనాలంటే కకనై, మర్యాదగా చెప్పాలంటే కకిమస్, 'రాస్తే' అనాలంటే కకెబ. క, కి, కు, కె అని ఒక గుణింతం నాలుగు మెట్లు దిగుతోంది. మిరు అలా కాదు. మినై, మిమస్, మిరు, మిరెబ. 'మి' కదలదు, తోకలే మారతాయి. మొదటిది నాలుగు మెట్ల క్రియ, రెండోది ఒక మెట్టు క్రియ. అ, ఇ, ఉ, ఎ, ఒ అన్న ఈ వరుస జపానుకి బౌద్ధంతోపాటు మన దేశపు అక్షరశాస్త్రం నుంచి వెళ్లిందే. చిన్నయసూరి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి పేర్లు: క్త్వార్థకం, శత్రర్థకం, తుమర్థకం, చేదర్థకం. ఇద్దరూ ఒక కొట్లోనే సరుకు కొన్నారు. ఒకాయన అక్షరాల వరుస తీసుకున్నాడు, ఇంకొకాయన పని పేర్లు తీసుకున్నాడు. హరునివ క్రియ రూపం ఎలా మారుతోందో చూశాడు. చిన్నయసూరి ఆ రూపం వాక్యంలో ఏం పని చేస్తోందో చూశాడు.

జపాను బడి వ్యాకరణం హరునివ దారినే సాగింది. భాషాశాస్త్రవేత్త హషిమొతొ షింకిచి పద్ధతి 1940ల్లో పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాక ప్రతి క్రియకీ ఆరు గళ్ల పట్టిక స్థిరపడింది: మిజెన్, రెన్యో, షూషి, రెంతై, కతే, మేరే. మిరుని ఆ గళ్లలో వేస్తే మి, మి, మిరు, మిరు, మిరె, మిరొ. మొదటి రెండూ ఒకటే, తర్వాతి రెండూ ఒకటే. పాత జపాను సాహిత్యం చదివేవాళ్లకి ఈ గళ్లకి అర్థం ఉంది, ఎందుకంటే అప్పట్లో చాలా క్రియలకి వాక్యం చివరి రూపం, నామవాచకం ముందు రూపం వేరువేరుగా ఉండేవి. ఇవాళ ఆస్పత్రిలో పని చేయబోయే మనిషికి ఆరు గళ్లలో నాలుగు జంటలే. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. రోజంతా నోట్లో నలిగే మితె అనే రూపానికి ఆ ఆరింటిలో సొంత గడి లేదు. రెన్యో రూపానికి 'తె' అతికించుకోవాలి, అంతే. చిన్నయసూరి అయితే ఆ రూపానికి విడిగా పేరు పెట్టాడు, క్త్వార్థకం అని. చూచి. మన మాటలో చూసి.

విదేశీయులకి జపాను నేర్పే పుస్తకాలు ఆరు గళ్లని వదిలేశాయి. మంచి పనే చేశాయి. మన దేశంలోని శిక్షణ కేంద్రాల్లో ఎక్కువగా కనబడే 'మిన్నా నొ నిహోంగొ' క్రియల్ని మూడు గుంపులు చేస్తుంది, 'తె' రూపాన్ని పద్నాలుగో పాఠంలో చెబుతుంది. నా ఫిర్యాదు అక్కణ్నుంచి మొదలవుతుంది. 'తిని చూడు' అనడానికి జపానులో తబెతె మిరు అంటారు. తబెతె అంటే తిని, మిరు అంటే చూడటం. మరాఠీలో ఖాఊన్ బఘ్. మూడింటిలోనూ కంటితో చూసే పని లేదు, ప్రయత్నించమనే అర్థం. సిరోంచ పిల్లకి ఇందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఆ పుస్తకంలో ఈ సంగతి నలభయ్యో పాఠంలో వస్తుంది. పని పూర్తిచేసి వదిలించుకోవడాన్ని చెప్పే తెషిమౌ ఇరవై తొమ్మిదిలో, ముందుగా చేసి ఉంచడాన్ని చెప్పే తెఒకు ముప్ఫైలో. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయే పనిని రెండు సంపుటాల పొడుగునా పంచిపెట్టారు. ఇంగ్లీషువాళ్లకి ఇవి మూడు వేరువేరు కష్టాలు. వాళ్ల కోసం వేసిన వరుసని మన పిల్లలు ఎందుకు మోయాలి?

తెషిమౌ దగ్గర తెలుగు ఇంకా లోతుకి వెళుతుంది. తబెతె షిమత్త అంటే తినేసిండు. షిండె షిమత్త అంటే చచ్చిపోయిండు. జపానులో రెంటికీ షిమౌ ఒక్కటే. మన దగ్గర పని తనంతట జరిగితే 'పోవు', ఎవరో చేస్తే 'వేయు' వస్తుంది. తిన్నది వేసుకుంటుంది, చచ్చింది పోతుంది. తెలుగువాళ్లకి ఇది ఇబ్బంది కాదు, రెండు గదుల్ని ఒక గది చేసుకుంటే సరిపోతుంది. ఒక గదిని రెండు చేసుకోవడమే కష్టం. తెలుగు నేర్చుకునే జపానువాళ్లకి ఆ కష్టం వచ్చిపడుతుంది.

ఇంగ్లీషు పట్టిక నిజంగా దెబ్బకొట్టే చోటు తెఇరు. మితె ఇరు అంటే చూస్తున్నడు. ఇంతవరకూ బాగానే ఉంది. కితె ఇరు అంటే? పట్టికని నమ్మి 'వస్తున్నడు' అనుకుంటారు. కానే కాదు, వచ్చి ఉన్నడు, ఇప్పుడిక్కడే ఉన్నడు అని. షిండె ఇరు అంటే చస్తున్నది కాదు, చచ్చి ఉన్నది. పెళ్లయిందా అని అడిగితే కెక్కొన్ షితె ఇరు అంటారు, పెళ్లి జరుగుతోందని కాదు, పెళ్లయి ఉన్నానని. భాషాశాస్త్రవేత్త కిందైచి హరుహికొ 1950లో ఈ తేడాని పట్టుకుని జపాను క్రియల్ని నాలుగు రకాలు చేశాడు. సాగే పనికి తెఇరు తగిలితే జరుగుతున్నట్టు, క్షణంలో అయిపోయే పనికి తగిలితే అయిపోయి నిలిచినట్టు. జపాను దీన్ని క్రియ స్వభావానికి వదిలేసింది. తెలుగు క్రియ రూపంలోనే చెప్పేస్తుంది: చూస్తూ ఉన్నడు, వచ్చి ఉన్నడు. ఒకచోట శత్రర్థకం, ఒకచోట క్త్వార్థకం. కిందైచి కోసం కష్టపడక్కర్లేదు, ఏ క్రియకి మన నోట 'ఇ' వస్తుందో, దేనికి 'తూ' వస్తుందో గమనిస్తే చాలాచోట్ల సరిపోతుంది. చిన్నయసూరి పెట్టిన సంస్కృత పేర్లని వెక్కిరించినవాళ్లు చాలామందే. ఆ పేర్లు బడిపిల్లలకి మింగుడు పడవన్నది నిజమే. కానీ పేరు పక్కన పెడితే, ఆయన గీసిన గీతలు సరైన చోటే ఉన్నాయి.

కాదనే రూపాల్లోనూ అంతే. మినైదె, మినకుతె అని రెండున్నాయి. రెంటికీ అర్థం 'చూడక' అనే. ఎప్పుడు ఏది వాడాలో చెప్పడానికి ఇంగ్లీషు పుస్తకాలు పేజీలు ఖర్చుపెడతాయి. కుసురి ఒ నొమనైదె నెత: మందు తాగకుండా పడుకుండు. వకరనకుతె కొమత్త: అర్థం కాక ఇబ్బందిపడ్డ. 'కుండా' వచ్చే చోట నైదె, కారణం చెప్పే 'క' వచ్చే చోట నకుతె. వ్యతిరేక క్త్వార్థకం అని బడిలో చదివినప్పుడు ఎందుకీ పేరు అనిపించి ఉండొచ్చు. జపాను ముందు అది సుఖంగా నిలబడుతుంది. మితెమొ అంటే చూసినా, అప్యర్థకం. మితర, మిరెబ అంటే చూస్తే, చేదర్థకం. మినగర అంటే చూస్తూ, శత్రర్థకం. నామవాచకం ముందు కూర్చునే మిత ఏగ అంటే చూసిన సినిమా, ధాతుజ విశేషణం. 'ఏదైతే, అది' అని తిప్పుకోవాల్సిన పని రెండు భాషల్లోనూ లేదు.

చిన్నయసూరి అన్నిచోట్లా ఆదుకోడు. ఆయన రాసింది గ్రాంథికానికి. భవిష్యత్తు వేరు, అలవాటుని చెప్పే తద్ధర్మం వేరు అని ఆయన విడదీసిన కాలాలు సిరోంచ నోట్లో కలిసిపోయాయి. ఇక్కడి తెలుగు తెలంగాణ తెలుగే. చూస్తడు అంటే రోజూ చూస్తడూ అవుతుంది, రేపు చూస్తడూ అవుతుంది. మిరు కూడా అంతే. మైనిచి మిరు, అషిత మిరు. దీన్ని వర్తమానం అని పేరుపెట్టి నేర్పే ఇంగ్లీషు పట్టికా తప్పే, రెండు కాలాలుగా చీల్చే గ్రంథమూ ఇక్కడ పనికిరాదు. వీధిలో మాట్లాడే తెలుగే ఒప్పు.

పురుష విషయంలో అందరూ మనల్ని భయపెడతారు. తెలుగు క్రియ నేను, నువ్వు, వాడు, ఆమె అని తోక మారుస్తుంది, జపాను మార్చదు, అందుకని మీకు కష్టం అంటారు. మరాఠీ బడికి వెళ్లిన పిల్లకి ఇదీ కొత్త కాదు. త్యానె సినెమా బఘితలా, త్యానె ములగీ బఘితలీ. చూసింది అతనే, అయినా క్రియ చూడబడినదాని లింగాన్ని పట్టుకుంది. ఒక భాషలో క్రియ కర్తని అనుసరిస్తే ఇంకో భాషలో కర్మని అనుసరిస్తుందని ఆమెకి చిన్నప్పుడే తెలుసు. ఎవరినీ అనుసరించని క్రియ మూడోది. అసలు మన తెలుగులోనే అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నేను చూడలే, నువ్వు చూడలే, వాళ్లు చూడలే. చూడాలె. చూడొచ్చు. చూడొద్దు. వీటికి పురుష ఏది? మినకత్త అని ఒక్క మాటతో అందరి చూడకపోవడాన్నీ చెప్పే జపానువాళ్లని చూసి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. 'చూడలే' అన్న ప్రతిసారీ మనం చేస్తున్నదే వాళ్లు ఔననేటప్పుడూ చేస్తారు.

ఇక మియెరు, మిరరెరు. ప్రాణహిత గట్టున నిలబడితే ముకోగిషి గ మియెరు, అవతలి ఒడ్డు కనబడుతుంది. సినిమాహాలుంటే ఏగ గ మిరరెరు, సినిమా చూడొచ్చు. ఒకటి దానంతట అది కంటబడటం, రెండోది వీలుండటం. 'మిన్నా నొ నిహోంగొ'లో ఇరవై ఏడో పాఠం దీని మీదే కసరత్తు. 'కనబడు' అనే మాట ఉన్నవాళ్లకి కసరత్తు దేనికి? పైగా మిరరెరులో ఇరుక్కున్నవి మూడు పనులు: చూడగలగడం, ఎవరిచేతో చూడబడటం, పెద్దవాళ్లు చూడటం. జపాను యువత దీన్ని తట్టుకోలేక మొదటి పనికి మిరెరు అని కురచ చేసుకుంది. ఉపాధ్యాయులు విసుక్కున్నారు, సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2016లో వెల్లడించిన సర్వేలో మాత్రం కురచ రూపం వాడేవాళ్లే ఎక్కువని తేలింది. వ్యాకరణం కన్నా నోరు ముందు నడుస్తుందని గిడుగు రామమూర్తి చెప్పిన సంగతి మనకి కొత్త కాదు.

మిరరెరులో రెండో పని, చూడబడటం, తెలుగువాళ్లని తడబెడుతుంది. నిక్కి ఒ హహ ని మిరరెత. మాటకి మాట పెడితే 'డైరీని అమ్మచేత చూడబడ్డాను'. ఎవరైనా అంటారా? పత్రికల అనువాదాల్లో తప్ప తెలుగులో 'బడు' ఇలా బతకదు. మనిషి అనేది 'అమ్మ నా డైరీ చూసేసింది' అని. ఆ 'ఏసింది'లోనే గుండెదడ, విసుగు, 'అయ్యో' అన్నీ ఉన్నాయి. బాధని చెప్పడానికి జపాను కర్మణి ప్రయోగాన్ని వాడుకుంటే, తెలుగు 'వేయు'ని వాడుకుంది. కర్మణి అనగానే సంస్కృతం తలకెక్కి 'బడు' వెతికే విద్యార్థి ఇక్కడ దారి తప్పుతాడు. ఈ చోట చిన్నయసూరిని మూసి పక్కింటి మాటలు వినాలి.

మర్యాద కూడా అంతే గమ్మత్తుగా అడ్డం తిరుగుతుంది. చూస్తరు అన్నప్పుడు మనం చూసేవాళ్లని గౌరవిస్తాం. మిమస్ అన్నప్పుడు గౌరవం వినేవాళ్లకి. చూసేది దొంగ అయినా మిమస్సే. కోస్తా వాళ్ల 'అండి' దీనికి దగ్గర, 'వాడు చూస్తాడండి' అనొచ్చు. సిరోంచ వైపు ఆ అండి వినబడటం తక్కువ. చూసేవాళ్లకే గౌరవం ఇవ్వాలంటే గొరన్ ని నరు, తాను తగ్గి చూశానని చెప్పాలంటే హైకెన్ సురు. ఇవి వేరే క్రియలు. కాళేశ్వరంలో ఒక పానవట్టం మీద ఉన్న రెండు లింగాల్ని చూసొచ్చామని ఎవరూ అనరు, దర్శనం చేసుకున్నామంటారు. హైకెన్ ఆ తూకం మాట.

ఇన్ని పోలికలు ఎక్కడివి? భాషాశాస్త్రవేత్త కాలిన్ మసికా 1976లో ఈ లక్షణాలకి సరిహద్దులు గీశాడు. క్త్వార్థక రూపాలు, ప్రేరణార్థకాలు, కర్మ తర్వాత క్రియ రావడం లాంటివి భారతదేశంతో ఆగకుండా మధ్య ఆసియా మీదుగా కొరియా, జపాను దాకా సాగుతాయని చూపించాడు. అది రక్తసంబంధం కాదు. 1971లో గంపర్జ్, విల్సన్ అనే పరిశోధకులు మహారాష్ట్రలోనే సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే ఊళ్లో కన్నడం, ఉర్దూ, మరాఠీ ఒకదాని వాక్యం పోకడని ఒకటి ఎత్తుకోవడాన్ని నమోదు చేశారు. సిరోంచలో మరాఠీ, తెలుగు, గోండీల మధ్య అలాంటి పరిశీలన ఎవరైనా చేస్తే చదవాలని ఉంది. ఖాఊన్ బఘ్ అన్న మరాఠీ నోరు ద్రావిడ వాక్యాన్ని ఎంతగా అరువు తెచ్చుకుందో అని ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్ లాంటి భాషాశాస్త్రవేత్తలు ఆలోచించారు.

ఒక చోట మాత్రం ఈ సరిహద్దు భాషలేవీ అక్కరకి రావు. ఇవ్వడానికి జపానులో రెండు క్రియలు. నా వైపు వస్తే కురెరు, నా వైపు నుంచి పోతే అగెరు. మిసెతె కురెరు అంటే ఎవరో నాకు చూపిస్తారు, మిసెతె అగెరు అంటే నేను ఎవరికో చూపిస్తాను. తెలుగులో రెంటికీ 'చూపించి పెట్టు' ఒక్కటే. ద్రావిడ భాషల్లో 'ఇచ్చు'కి ఇలాంటి జంట ఉండేదని భాషాశాస్త్రవేత్త ఎమినో 1945లోనే చూపించాడు. మలయాళంలో ఇప్పటికీ నాకో నీకో ఇస్తే తరుక, వేరేవాళ్లకి ఇస్తే కొడుక్కుక. కొట్టాయం నుంచి వచ్చిన నర్సుకి కురెరు దగ్గర ఒక పట్టు దొరుకుతుంది. మన దగ్గర ఆ జంటలో ఒకటి 'తెచ్చు' అయిపోయి దారి మార్చుకుంది. తరగతిలో ఈ పాఠం వచ్చిన రోజున సిరోంచ పిల్ల పక్కన కూర్చున్న మలయాళీ పిల్లని అడగడం మేలు. పట్టికలో వెతికితే ఇది దొరకదు.